నవ్వుల రీలుకు పులుపు వాసన వస్తే...

మూకీల కాలంనాటి కామెడీల్లో చాలావాటిని మనదాకా తెచ్చినవి పెద్ద స్టూడియోల గోదాములు కావు. ఇళ్ల అటకలు, సేకర్తల పెట్టెలు. ఆ రీళ్లు ఎన్నాళ్లు ఉంటాయో తేల్చేది మాత్రం రసాయనశాస్త్రం. ఆ రసాయనాలు సూరత్ నేతగాళ్లకు దగ్గరి చుట్టాలే.

సూరత్‌లో ఓ ఇంటి అటక సర్దుతుంటే పాత సామాన్ల మధ్య చిన్న రేకు డబ్బా ఒకటి దొరికిందనుకుందాం. మూత తీస్తే లోపల సన్నటి ఫిల్మ్ చుట్ట. కిటికీ వెలుగుకు పట్టి చూస్తే వరసగా చిన్న గళ్లు. వాటిలో గుండ్రటి టోపీ, చేతికర్ర, వదులు ప్యాంటు. చార్లీ చాప్లిన్! ఫోన్‌లో క్షణంలో దొరికే సినిమాకు ఈ తుప్పు డబ్బా ఎందుకని పారేయాలా? అమ్మితే నాలుగు డబ్బులొస్తాయా? దాచిపెట్టాలా?

ఏ నిర్ణయానికైనా ముందు చేయాల్సిన పని ఒకటుంది. డబ్బాను గాలి ఆడే చోట పెట్టి, కాస్త దూరం నుంచి వాసన గమనించాలి. పచ్చళ్లలో వాడే వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తే ఆ రీలుకు జబ్బు మొదలైనట్టే.

సూరత్ పేరు ఊరికే చెప్పలేదు. కృత్రిమ దారపు బట్టకు దేశంలో ఇది రాజధాని లాంటిది. తెలుగు జిల్లాల నుంచి తరాల క్రితం వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడి మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఆ ఇళ్లలో రోజూ చేతికి తగిలే దారానికీ, డబ్బాలోని ఫిల్మ్‌కూ ఉన్న బంధుత్వం ఏమిటో తెలిస్తే పై ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

మిగిలింది ఎంత?

స్లాప్‌స్టిక్ అంటే మొదట్లో ఒక వస్తువు. రెండు చెక్క పట్టీలను కలిపి కట్టిన బడితె. ఇటలీ హాస్య నాటకాల్లో దానితో కొడితే దెబ్బ తగిలేది తక్కువ, చప్పుడు ఎక్కువ. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క తన్నుకుంటుంటే పిల్లలు పగలబడి నవ్వేది ఇలాంటి హాస్యానికే. జారిపడటం, వెంటపడటం, ముఖాన కేకు పడటం అర్థం కావడానికి భాష అక్కర్లేదు. అందుకే మాటల్లేని రోజుల్లో ఈ సినిమాలు ప్రపంచమంతా తిరిగాయి.

తిరిగినవన్నీ మిగల్లేదు. అమెరికాలో 1912-1929 మధ్య తీసిన పూర్తి నిడివి మూకీ చిత్రాలు దాదాపు 11,000. వాటిలో విడుదలైన రూపంలోనే నిలిచినవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. మన దేశంలో పరిస్థితి ఇంకా దారుణం. 1,300కు పైగా మూకీలు తీస్తే, ముక్కలతో కలిపి చూసినా మిగిలినవి 30 దాకా మాత్రమే. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో 1921లో నిర్మించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నేడు మనకు పేరుగానే మిగిలింది.

కారణాలు మూడు. 1931లో ‘ఆలం ఆరా’తో మాటల సినిమా వచ్చాక మూకీకి గిరాకీ పోయింది. ఫిల్మ్ మీది వెండి కోసం పాత రీళ్లను కరిగించేశారు. ఈ రెండూ తప్పించుకున్నవాటి మీద పట్టీలోని రసాయనం పగబట్టింది.

మూడు తరాల ఫిల్మ్, మూడు తరాల దారం

ఫిల్మ్‌లో ముఖ్యంగా రెండు పొరలుంటాయి. పైపొర జెలటిన్. అందులో పొదిగిన వెండి రేణువులే బొమ్మ. కిందిది దాన్ని మోసే పారదర్శకమైన పట్టీ. సరిగ్గా కడిగిన వెండి బొమ్మ వందేళ్లయినా చెక్కుచెదరదు. తంటా అంతా మోసే పట్టీతోనే.

మొదటి తరం పట్టీ సెల్యులోజ్ నైట్రేట్. పత్తిలోని సెల్యులోజ్‌ను నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో మారిస్తే వస్తుంది. తుపాకి మందుగా వాడిన ‘గన్ కాటన్’కు ఇది తోబుట్టువు. మండటానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉంటుంది. అందుకే ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. ఇదే పదార్థాన్ని సన్నటి రంధ్రాల గుండా లాగి ఫ్రాన్స్‌కు చెందిన షార్డోనే తొలి కృత్రిమ పట్టు తయారు చేసి, 1889 పారిస్ ప్రదర్శనలో పెట్టాడు. ఇట్టే అంటుకునే గుణం వల్ల ఆ పట్టు చెడ్డపేరు తెచ్చుకుంది. సూరత్‌లో తర్వాత కాలంలో వర్ధిల్లిన ‘ఆర్ట్ సిల్క్’ వంశవృక్షంలో మూలపురుషుడు ఇదే.

నైట్రేట్ ఎంత పని చేయగలదో మూకీల హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ కళ్లారా చూశాడు. గడియారపు ముల్లు పట్టుకుని మేడ మీంచి వేలాడే దృశ్యంతో ప్రసిద్ధుడైన ఆయన, తన సినిమాలను సొంత ఇంటి ఆవరణలోనే భద్రంగా దాచుకున్నాడు. 1943లో ఆ గదిలో నిప్పు రేగి తొలినాటి రీళ్లు చాలా బూడిదయ్యాయి. 2003 జనవరిలో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్లూ అగ్నిప్రమాదంలో పోయాయి.

రెండో తరం సెల్యులోజ్ అసిటేట్. ఇది భగ్గున మండదు కాబట్టి ‘సేఫ్టీ ఫిల్మ్’ అన్నారు. లైనింగ్ గుడ్డల్లో వాడే అసిటేట్ దారం దీని సోదరి. 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్మ్ 1948 నుంచి దీనికి మారింది. 1950ల మొదట్లో నైట్రేట్ తయారీ ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే కొత్త బెడద మొదలైంది. వేడికీ తేమకూ అసిటేట్ గొలుసు నుంచి అసిటిక్ ఆమ్లం విడిపోతుంది. వెనిగర్‌లో ఉండేది అదే. విడిపోయిన ఆమ్లం మరింత ఆమ్లం విడిపోయేలా చేస్తుంది. చిటికెడు తోడు గిన్నెడు పాలను పెరుగు చేసినట్టు, కొంచెం మొదలైతే చాలు, వేగం దానంతటదే పెరుగుతుంది. ఫిల్మ్ కుంచించుకుపోయి, అలలు తేలి, పెళుసుబారి విరిగిపోతుంది. ఆవిరి పక్క డబ్బాలకూ అంటుతుంది.

ఈ ‘వెనిగర్ సిండ్రోమ్’ గురించి కొడాక్ సంస్థకు తొలి ఫిర్యాదు వెళ్లింది మన భారత ప్రభుత్వం నుంచే. వేడిలో, ఉక్కలో నిల్వ చేసిన ఫిల్మ్ పదేళ్లలోపే పాడైంది. 21 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్మ్‌కు ఈ జబ్బు పట్టడానికి దాదాపు 40 ఏళ్లు పడుతుందని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. తాపీ ఒడ్డున, సముద్రానికి దగ్గర్లో ఉన్న సూరత్‌లో జులై నెల అటక ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

మూడో తరం పాలిస్టర్. 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొన్న ఈ పదార్థమే ఇవాళ సూరత్ చీరల్లో ఎక్కువగా ఉన్నది. పక్కనే హజీరాలో దాన్ని పెద్ద ఎత్తున తయారు చేస్తున్నారు. కరిగించిన పాలిస్టర్‌ను సన్నటి రంధ్రాల్లోంచి లాగితే దారం. వెడల్పాటి చీలికలోంచి లాగి సాగదీస్తే ఫిల్మ్ పట్టీ. చేత్తో చింపడం కష్టం, తేమకు అంత తేలిగ్గా లొంగదు. మంచి నిల్వలో వందల ఏళ్లు ఉంటుందని అంచనా. అందుకే పాత సినిమాను కాపాడాలనుకునేవారు దాన్ని పాలిస్టర్ ఫిల్మ్ మీదికి నకలు తీస్తారు.

ఇంటి ప్రొజెక్టరు చేసిన మేలు

థియేటర్ ఫిల్మ్ నైట్రేట్ అయినప్పుడు, వందేళ్లనాటి కామెడీలు ఎలా బతికాయి? ఈ ప్రశ్నకు జవాబు ఫిల్మ్ వెడల్పులో ఉంది.

1922 చివర్లో ఫ్రాన్స్‌లోని పాథే సంస్థ ఇళ్ల కోసం 9.5 మిల్లీమీటర్ల ఫిల్మ్‌నూ, దానికో బుల్లి ప్రొజెక్టర్‌నూ అమ్మకానికి తెచ్చింది. మరుసటి ఏడాది కొడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ తెచ్చింది. ఇళ్లలో మంటలు రేగకూడదని వీటిని సేఫ్టీ పట్టీ మీద చేశారు. మరి ఇంట్లో సాయంత్రం పూట పిల్లలూ పెద్దలూ కలిసి చూడటానికి ఏం కొంటారు? పది, ఇరవై నిమిషాల కామెడీలే. తర్వాత 8 మిల్లీమీటర్ల ఫిల్మ్ వచ్చి ఈ అలవాటును ఇంకా చవక చేసింది. అలా థియేటర్ ప్రింట్లు కాలిపోతున్న కాలంలోనే వాటి చిన్న నకళ్లు దేశదేశాల్లో బీరువాల్లోకి చేరాయి. భద్రత కోసం చేసిన ఏర్పాటు తెలియకుండానే చరిత్రను దాచింది.

సేకర్తలు వెతికేది ఈ నకళ్ల కోసమే. 2009లో అమెరికాలోని మిషిగన్‌లో పాత వస్తువుల అమ్మకంలో పాల్ గియెరుకీ అనే చరిత్రకారుడు ఒక 16 మిల్లీమీటర్ల రీలు కొన్నాడు. ఆనక చూస్తే అది 1914 నాటి ‘ఎ థీఫ్ క్యాచర్’. పోలీసు వేషంలో చాప్లిన్ ఉన్నాడు. ఆయన అందులో నటించిన సంగతే చాలామంది పరిశోధకుల జాబితాల్లో లేదు. లారెల్-హార్డీల ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’లో వేలాది పై లు విసురుకునే ఘట్టం చాలాకాలం ముక్కలుగానే తెలుసు. 2015లో దాని రెండో రీలు ఒక సేకర్త వదిలివెళ్లిన పెట్టెల్లో 16 మిల్లీమీటర్ల రూపంలో బయటపడింది. బస్టర్ కీటన్ పాత ఇల్లు కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడ కీటన్ సినిమాల నైట్రేట్ ప్రింట్లే దొరికాయి. అదే కీటన్ 1922లో చేసిన ‘ది బ్లాక్‌స్మిత్’ తొంభై ఏళ్లుగా అందరూ చూసిందే అనుకుంటుండగా, అందులో లేని దృశ్యాలున్న మరో ప్రతి 2013లో అర్జెంటీనాలో వెలుగు చూసింది.

చివరి ఉదాహరణ ముఖ్యమైనది. అందరి దగ్గరా ఉన్న చాప్లిన్ నకలుకు బజారులో పెద్ద ధర పలకదు. కానీ ఒక్కో దేశానికి ఒక్కో కత్తిరింపుతో ప్రింట్లు వెళ్లేవి. ‘ఉన్నదే కదా’ అనుకున్న రీలులో మరెక్కడా లేని అర నిమిషం ఉండొచ్చు. చాప్లిన్ 1914 నాటి కీస్టోన్ చిత్రాలను ఈ శతాబ్దంలో పునరుద్ధరించినప్పుడు ఎన్నో ఆర్కైవులు, సేకర్తల దగ్గరి ప్రతులను ఫ్రేము ఫ్రేముగా పోల్చి, మెరుగైన ముక్కలను అతికారు. ఆ ఏడాది సినిమాల్లో ‘హర్ ఫ్రెండ్ ది బాండిట్’ ఇప్పటికీ దొరకలేదు.

జారిపడటంలో లెక్క

డిజిటల్ ప్రతి ఉన్నప్పుడు అసలు రీలెందుకనే ప్రశ్నకు భౌతికశాస్త్రం ఒక జవాబు చెబుతుంది.

మూకీల కెమెరాను చేత్తో తిప్పేవారు. ఒక్క చుట్టుకు 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు, అంటే 16 ఫ్రేములు. ఇది మామూలు లెక్క. వెంటపడే దృశ్యాల్లో కావాలనే నెమ్మదిగా తిప్పేవారు. మాటల సినిమా వచ్చాక వేగం సెకనుకు 24 ఫ్రేములుగా స్థిరపడింది. 16తో తీసిన దాన్ని 24తో చూపిస్తే సెకను పని మూడింట రెండు వంతుల కాలంలో అయిపోతుంది. త్వరణంలో కాలం వర్గంగా వస్తుంది కాబట్టి, తెర మీద గురుత్వాకర్షణ ఒకటిన్నర రెట్లు కాదు, 2.25 రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. అంటే సెకనుకు సెకనుకు 22 మీటర్లు, గురుగ్రహపు 24.8కి దగ్గర! మరోలా చెప్పాలంటే, 170 సెంటీమీటర్ల మనిషి 75 సెంటీమీటర్ల బొమ్మ పడినంత చురుగ్గా పడతాడు. పడ్డవాడికి దెబ్బ తగిలిందని మనకు అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

సెకనుకు ఎన్ని ఫ్రేములు తీశారో రీలు మీద ఎక్కడా రాసి ఉండదు. అయితే అందులో ఒక గడియారం దాగి ఉంది. అది భూమ్యాకర్షణ. దృశ్యంలో ఓ ఇటుక సుమారు 122 సెంటీమీటర్ల బల్ల మీంచి నేల మీద పడిందనుకోండి. ఎక్కడైనా దానికి పట్టే కాలం అర సెకను. ఆ పతనం 8 ఫ్రేముల్లో ఉంటే కెమెరా వేగం 16. ఆరే ఉంటే 12. నవ్వించడానికి కెమెరామన్ కావాలనే నెమ్మదిగా తిప్పాడన్నమాట. ఈ లెక్క కట్టాలంటే తీసిన ఫ్రేములు తీసినట్టే కావాలి. వేగం సర్దడానికి ఫ్రేములు రెట్టించిన, కలిపేసిన వీడియోల్లో అది కుదరదు. సరైన వేగం గురించి సేకర్తలు ఏళ్ల తరబడి వాదించుకునేది వట్టి చాదస్తం కాదు. హాస్యంలో ఒక క్షణం ముందో వెనకో అయితే నవ్వు రాదు.

హైదరాబాద్ నవ్వులు ఏమయ్యాయి?

మనవాళ్లు ఇలాంటి సినిమాలు తీయలేదా? తీశారు. ఫాల్కే 1914లోనే ‘పిఠాచే పంజే’ అనే చిన్న కామెడీని తన పౌరాణికంతో కలిపి ప్రదర్శించారు. 1921లో కలకత్తాలో ‘బిలాత్ ఫెరత్’ వచ్చింది. విదేశం వెళ్లొచ్చినవాడి డాంబికాల మీద వ్యంగ్యం అది. అందులో నటించిన ధీరేంద్రనాథ్ గంగూలీ అంతకుముందు హైదరాబాద్‌లో చిత్రకళా ఉపాధ్యాయుడు. ఆయన 1922లో నిజాం ఆదరణతో మళ్లీ హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. ‘లేడీ టీచర్’, ‘మ్యారేజ్ టానిక్’ వంటి చిత్రాలు ఇక్కడే తయారయ్యాయి. 1924లో ‘రజియా బేగం’ ప్రదర్శన మీద నిజాం ఆగ్రహించడంతో ఆయన నగరం విడిచి వెళ్లాల్సి వచ్చింది. తెలుగు నేల మీద తయారైన ఆ తొలి నవ్వులు నేడు చూద్దామన్నా దొరకవు.

దొరికినదాని విలువ ఎంతో చెప్పే సంఘటన ఒకటుంది. కాళీపద దాస్ 1931లో తీసిన ‘జమాయి బాబు’ చాప్లిన్ తరహా అల్లరి సినిమా. కలకత్తా వచ్చిన పల్లెటూరి అల్లుడి పాట్లు కథ. మిగిలి ఉన్న కొద్దిపాటి భారతీయ మూకీల్లో అదొకటి. 1919 నాటి ‘బిల్వమంగళ్’ భాగాలు ప్యారిస్‌లోని ఫ్రెంచ్ సినిమాటెక్‌లో ఉన్నాయని తెలిసి పుణె ఆర్కైవ్ అడిగినప్పుడు, 2016లో ఆ ప్రతి మనకు వచ్చింది. బదులుగా మనం ఇచ్చింది ‘జమాయి బాబు’ డిజిటల్ ప్రతి. ఒకరు దాచిన నవ్వు ఇంకొకరు దాచిన భక్తి కథను ఇంటికి తెచ్చింది.

డబ్బా దొరికితే...

ఇప్పుడు సూరత్ అటక మీది డబ్బా దగ్గరికి వద్దాం.

ముందుగా, దాన్ని ప్రొజెక్టర్‌లో పెట్టి తిప్పే సరదా వద్దు. ఫిల్మ్ ఒక శాతం కుంచించుకుపోయినా రంధ్రాలు పళ్లచక్రంలో సరిగ్గా కూర్చోక చిరిగిపోతాయి. వెడల్పు కొలవండి. 16 లేదా 8 మిల్లీమీటర్లయితే దాదాపు ఎప్పుడూ సేఫ్టీ ఫిల్మే. 35 మిల్లీమీటర్లయితే అంచు మీద ఇంగ్లిష్‌లో ‘నైట్రేట్’ అనో ‘సేఫ్టీ’ అనో ఉందేమో చూడండి. కొడాక్ ఫిల్మ్ అంచు మీది చిన్న గుర్తులు ఏ ఏడాది తయారైందో చెబుతాయి. ఆ గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వచ్చేవి కాబట్టి 1916దో, 1936దో ఇతర ఆధారాలతో తేల్చుకోవాలి. పరీక్ష కోసం అగ్గిపుల్ల మాత్రం గీయకూడదు. జిగటగా, బుడగలు కట్టి, గోధుమరంగు పొడి రాలుతుంటే నైట్రేట్ కుళ్లుతున్నట్టు అనుమానించాలి. దాన్ని ఇంట్లో ఉంచడం ప్రమాదం. చెత్తలో వేయడమూ ప్రమాదమే. దాని నిల్వకు మన దేశంలో 1948 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి.

వెనిగర్ వాసన వచ్చే రీలును మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయాలి. అటక, వంటగది పనికిరావు. కింది అంతస్తులో చల్లగా, పొడిగా ఉండే చోటు మేలు. తుప్పు డబ్బా బదులు గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బా వాడాలి. చలి ఎంత మేలు చేస్తుందో కెనడాలోని డాసన్ పట్టణం చూపించింది. అక్కడ 1929లో పాత ఈతకొలను పూడ్చడానికి వేసిన 500కు పైగా నైట్రేట్ రీళ్లు, 1978లో గడ్డకట్టిన నేల తవ్వితే బయటపడ్డాయి. వాటిలో ఎన్నో సినిమాలు కోలుకున్నాయి.

సూరత్‌వాళ్లు గుర్తుంచుకోవాల్సింది మరొకటి. 2006 ఆగస్టులో తాపీ వరద నగరంలో ఎక్కువ భాగాన్ని ముంచింది. ఫిల్మ్ తడిస్తే ఎండలో ఆరబెట్టడం మనకు సహజంగా తోచే పని. అదే పెద్ద తప్పు. జెలటిన్ ఆరుతూ చుట్టకు చుట్ట అతుక్కుపోతుంది. చల్లటి శుభ్రమైన నీటిలోనే ఉంచి రెండు మూడు రోజుల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

చేర్చడానికి చోట్లున్నాయి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ప్రభుత్వ సంస్థ, 1964లో మొదలైంది. ముంబైలో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2014 నుంచి ఇదే పని చేస్తోంది. డబ్బా ఫొటో, ఫిల్మ్ వెడల్పు, అంచు గుర్తులు, రెండు మూడు ఫ్రేముల చిత్రాలు పంపితే అది ఏమై ఉంటుందో నిపుణులు పోల్చుకునే వీలుంటుంది.

లోపల ఉన్నది లక్ష నకళ్లలో ఒకటి కావచ్చు. ‘హర్ ఫ్రెండ్ ది బాండిట్’ కావచ్చు. హైదరాబాద్‌లో తీసిన ‘లేడీ టీచర్’లో ఓ ముక్క కూడా కావచ్చు. చూడకుండా ఎవరూ చెప్పలేరు. అసిటిక్ ఆమ్లం మాత్రం మనం చూసేదాకా ఆగదు. కాబట్టి వచ్చే పండక్కి అటక దులిపేటప్పుడు, పాత ఇనుముకు వేసే ముందు రేకు డబ్బాల మూతలు ఒకసారి తీసి చూడండి.